రెండు వందల పద్నాలుగు బెంచీలు

నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎన్ని ఆడిట్లు చూశానో లెక్కలేదు. లెక్కలు రాసి బతికినదాన్ని ఆ మాట అనకూడదు గానీ, నిజం అదే. వచ్చేవాళ్లు వచ్చారు, పేజీపేజీకీ టిక్కులు పెట్టారు, సంతకాలు చేసి వెళ్లిపోయారు. వాళ్లలో సగం మంది మొహాలు కూడా గుర్తులేవు. మొదటి ఆడిట్ మాత్రం నిన్నమొన్న జరిగినట్టుంటుంది. ఆ పది రోజులు తలుచుకుంటే చాలు, సుద్దముక్కల వాసనా వార్నిష్ వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. మా ఊరి ప్రభుత్వ బడిలో గుమాస్తాగా చేరి ఏడాది నిండలేదు. నాకంటే ముందు ఆ కుర్చీలో ఇరవై ఆరేళ్లు కూర్చున్నది మా మేనమామ. నాన్న పోయాక అమ్మనీ నన్నూ తీసుకొచ్చి తన ఇంట్లోనే ఒక గది ఇచ్చినవాడు. కూడికలు, తీసివేతల దగ్గర్నుంచి నగదు పుస్తకం రాయడం దాకా నాకు నేర్పింది ఆయనే. ఆయన రిటైరవడం, నేను ఉద్యోగ పరీక్ష పాసవడం ఒకే ఏడు జరిగాయి. పోస్టింగు కాగితంలో ఆ బడి పేరే ఉండేసరికి అత్తయ్య పడీపడీ నవ్వింది. "అందరికీ మేనమామ పోలికలొస్తాయి, దీనికి మేనమామ కుర్చీయే వచ్చింది" అని వీధివీధంతా చెప్పింది.

మామయ్యంటే ఊళ్లో అందరికీ ప్రాణం. అడిగినవాడికి లేదనడం ఆయనకు చేతకాదు. వర్షంలో గొడుగడిగితే గొడుగిచ్చి తను తడుస్తూ వచ్చేవాడు. అత్తయ్య తిడితే, "పోనీలేవే, ఎండొస్తే వాడే తెచ్చిస్తాడు" అనేవాడు. వాడు తెచ్చిచ్చేవాడు కాదు.

ఛార్జి అప్పగించిన రోజు ఆయనే నా పక్కన నిలబడి ఒక్కో పేజీ తిప్పాడు. బీరువాలు ఆరు, గోడ గడియారాలు రెండు, గంట ఒకటి. చెక్క బెంచీలు రెండు వందల పద్నాలుగు.

"లెక్కపెట్టాలా మామయ్యా?" అన్నాను.

"ఏం, నీకు లెక్కలు నేర్పినవాడి లెక్క మీదే అనుమానమా?" అని నా నెత్తి మీద మొట్టికాయ వేశాడు.

నవ్వుతూ సంతకం పెట్టేశాను. ఆ సంతకానికి పైన 'స్వయంగా లెక్క చూసుకుని స్వీకరించడమైనది' అని అచ్చులో ఉంది. అది చదవను కూడా చదవలేదు.

ఆడిటర్ గారు వచ్చింది ఒక సోమవారం. సన్నగా, కొడవలిలా కొంచెం వంగిన మనిషి. చంకలో తోలు సంచీ, చేతిలో క్యారేజీ. సంచీలోంచి ముందుగా తీసింది పచ్చసిరా సీసా. దాన్ని చూడగానే మా ఆయమ్మ ఆయనకు 'పచ్చసిరా' అని పేరు పెట్టేసింది. ఆయమ్మంటే బడి తలుపులు తీసి, గంట కొట్టి, పసిపిల్లల ముక్కులు తుడిచే మనిషి. ఆవిడ పెట్టిన పేరు ఇక జన్మలో వదలదు.

హెడ్‌మాస్టారు ఎదురెళ్లి, "టీ తెప్పించమంటారా?" అన్నారు.

"వద్దండీ. మంచినీళ్లు చాలు."

"పోనీ కూల్‌డ్రింకు..."

"నేను వచ్చింది మీరు పెట్టిన ఖర్చు చూడ్డానికి. ఇంకో ఖర్చు పెట్టించడానికి కాదు" అన్నారాయన. మాటలో విసురేమీ లేదు. అయినా హెడ్‌మాస్టారి మొహం సున్నపు గోడలా పాలిపోయింది. ఆయన అసలే భయస్తుడు. ఏ ఫైలు గురించి అడిగినా, "నేనొచ్చి ఏడు నెలలే అయిందండీ" అనడం తప్ప ఇంకో మాట రాదు.

రిజిస్టర్లన్నీ బల్ల మీద పేర్చి పెట్టాను. ఆడిటర్ గారు వాటిని ముట్టుకోలేదు. "ముందు బడి చూపించండమ్మా" అని లేచారు. ఒక్కో గదీ తిరిగారు. పై తరగతుల్లో పిల్లలు బెంచీల మీద ఉన్నారు. కింది తరగతుల రెండు గదుల్లో మాత్రం నేల మీద కూర్చున్నారు. నేను రోజూ చూసే దృశ్యమే. పసిపిల్లలు నేల మీద కూర్చోవడం అంటే పావురాలు చూరు మీద కూర్చోవడం లాంటిదే అనుకునేదాన్ని, అందులో అడగడానికేముంది?

ఆయన చెప్పులు విప్పి గదిలోకి వెళ్లారు. పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన నోటుపుస్తకం నేల మీద పెట్టి రాయడం మొదలుపెట్టారు. టీచరమ్మ నోరు తెరిచి చూస్తోంది. పక్కనున్న పిల్ల ఆయన పుస్తకంలోకి తొంగి చూసి, "మీ అక్షరాలు వంకరగా ఉన్నాయి" అంది.

"కింద కూర్చుంటే వంకరగానే వస్తాయమ్మా. నీవీ అంతేనా?"

"నావి ఇంకా వంకర."

పది నిమిషాల తర్వాత నడుం పట్టుకుని లేచారు. రెండు గదుల్లో పిల్లల తలలు లెక్కపెట్టి నావైపు తిరిగారు. "తొంభై ఆరు మంది. బెంచీకి నలుగురు చొప్పున ఇరవై నాలుగు బెంచీలు తక్కువ. మీ స్టాకు రిజిస్టరులో బెంచీలెన్నమ్మా?"

"రెండు వందల పద్నాలుగు సార్."

"అన్ని బెంచీలుంటే వీళ్లు కింద కూర్చోవాల్సిన పని లేదే!"

నేను వెనక్కి తిరిగి ఆ రెండు గదులూ కొత్తగా చూశాను.

మర్నాడు లెక్క మొదలైంది. ప్రతి బెంచీకీ కింది భాగంలో తెల్లరంగుతో నంబరు రాసి ఉంటుంది. ఆయమ్మ వంగి నంబరు చదవడం, నేను రాసుకోవడం, ఆయన టిక్కు పెట్టడం. మధ్యాహ్నానికి తేలింది: నూట ఎనభై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాం. మళ్లీ నూట ఎనభై ఎనిమిదే. ఇరవై ఆరు బెంచీలు లేవు.

"నేనొచ్చి ఏడు నెలలే..." అని హెడ్‌మాస్టారు మొదలుపెట్టబోయి, ఎవరూ తనవైపు చూడకపోయేసరికి ఆగిపోయారు.

ఆడిటర్ గారు ఛార్జి కాగితం అడిగారు. ఇచ్చాను. కింద రెండు సంతకాలూ చూశారు.

"అప్పగించినాయన మీకేమవుతారు?"

"మేనమామ సార్."

"అందుకే లెక్కపెట్టలేదా?"

తల దించుకున్నాను. ఆయన కాగితం మడిచి ఫైల్లో పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అసలు దెబ్బ మూడో రోజు తగిలింది. ఖర్చుల ఓచర్ల కట్ట తిరగేస్తూ ఆయన ఒకచోట ఆగారు. ఆగి, వెనక్కి వెళ్లి, అంతకుముందు ఏడాదివి తీశారు, దానికి ముందు ఏడాదివి తీశారు. తర్వాత ఆరు ఓచర్లు నా ముందు వరసగా పరిచారు. ఏటా వేసవి సెలవుల్లో వడ్రంగి బెంచీలకు మరమ్మతు చేసి, వార్నిష్ వేసినందుకు బెంచీకి ఇంతని ఇచ్చిన డబ్బు. ఆరేళ్లూ రెండు వందల పద్నాలుగు బెంచీలకే బిల్లు. ఆరు ఓచర్ల మీదా మామయ్య సంతకమే.

"బెంచీలు పోవడం ఒక ఎత్తు" అన్నారాయన మెల్లగా. "లేని బెంచీలకు వార్నిష్ ఎలా వేశారు?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కుర్చీ వెనక్కి జరిపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు, నేను మొహం తుడుచుకునేదాకా.

"సార్, మా మామయ్య అలాంటివాడు కాడు."

"మనుషులు ఎలాంటివాళ్లో నేను రాయనమ్మా. బెంచీలు ఉన్నాయా లేవా, అంతే రాస్తాను. రేపు ఆయన్ని రమ్మనండి. ఆ వడ్రంగిని కూడా."

ఆ సాయంత్రం ఇంటికెలా నడిచానో తెలీదు. మామయ్య అరుగు మీద కూర్చుని రేడియో బాగుచేస్తున్నాడు. అది మాది కాదు, ఎదురింటివాళ్లది. జరిగింది చెప్పాను. ఎక్కడ తల పట్టుకుంటాడో, ఎక్కడ కోప్పడతాడో అని బిక్కుబిక్కుమంటూ నిలబడితే, ఆయన గట్టిగా నవ్వేశాడు.

"ఓస్, ఇంతేనా? అవి ఎక్కడికి పోతాయే? ఊళ్లోనే ఉన్నాయి!"

"ఊళ్లో ఎక్కడ?"

"పోస్టాఫీసులో ముసలివాళ్లు పింఛను కోసం నిలబడి నిలబడి కాళ్లు పీకి పడిపోతుంటే రెండిచ్చా. ఆరోగ్య కేంద్రంలో నాలుగు. సెలూన్‌లో ఒకటి. అడిగారే! ఎలా కాదంటాను?"

"బడి బెంచీలు నువ్వెలా ఇస్తావు మామయ్యా?"

"బడి మాత్రం ఎవరిదే? ఊరిదేగా. ఊరి బెంచీ మీద ఊరు కూర్చుంది."

గుమ్మంలోంచి అత్తయ్య అందుకుంది. "అత్త సొత్తు అల్లుడు దానం చేసినట్టు, ఈయన సర్కారు సొత్తు దానం చేశాడన్నమాట. మొహమాటానికి పోతే ఏదో అయిందని ఊరికే అనలేదు." ఆ ఏదో ఏమిటో చిన్నదాని ముందు అనకూడదు గనుక అక్కడితో ఆగింది.

మర్నాడు వడ్రంగి వచ్చాడు. చెవిలో పెన్సిలు, జుట్టునిండా రంపపు పొట్టు. ఆడిటర్ గారు అడిగిన ప్రశ్నకు అతనికి ముందు అర్థమే కాలేదు.

"లేని బెంచీలేంటండీ? రెండు వందల పద్నాలుగుకీ వేశాను. ఎక్కడుంటే అక్కడికెళ్లి వేశాను. సెలూన్‌లో బెంచీకి వార్నిష్ ఆరేదాకా రెండు రోజులు షాపు మూయించాను. అతను నన్ను తిట్టని తిట్టు లేదు. కావాలంటే వెళ్లి చూసుకోండి."

ఆడిటర్ గారి మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. నవ్వని చెప్పలేను. పచ్చసిరా సీసాకు మూత బిగించి లేచారు. "పదండి, చూద్దాం."

అలా బయల్దేరాం, ఆడిటర్ గారు, మామయ్య, వడ్రంగి, ఆయమ్మ, నేను. ముందు మామయ్య, ఏదో ఊరేగింపుకు దారి చూపిస్తున్నంత హుషారుగా. దారిలో కనపడ్డ ప్రతివాడూ, "ఏంటి, ఎటు?" అని అడగడం, "బెంచీలు చూపించడానికి" అని ఈయన చెప్పడం.

సెలూన్‌లో ఒకాయన సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం నురగతో ఉన్నాడు. వంతు కోసం ముగ్గురు బెంచీ మీద కూర్చున్నారు. ఆయమ్మ వాళ్లను లేపి, బెంచీ కిందికి తల పెట్టి, "నలభై ఒకటి!" అని అరిచింది. వేలితో రుద్ది చూసి, "వార్నిష్ కూడా ఉంది సార్" అని తనే ఆడిట్ చేసేసింది. టీ కొట్టు దగ్గర మూడు. బస్సు ఆగేచోట రెండు, వాటి మీద సామాన్లు, సామాన్ల మీద నిద్రపోతున్న మనిషి. ఊరి గ్రంథాలయంలో చదువుకునే గదిలో అయిదు. పోలీసు ఠాణాలో ఒకటి. అక్కడి జమేదారు, "ఇది మా ఆస్తే" అని దబాయించబోయాడు. ఆడిటర్ గారు మాట్లాడకుండా బెంచీని పక్కకు వంచి తెల్ల నంబరు చూపించారు. జమేదారు టోపీ తీసి తల గోక్కున్నాడు.

టీ కొట్టు దగ్గర ఆడిటర్ గారు మొదటిసారి టీ తాగారు. మామయ్య జేబులో చెయ్యి పెట్టబోతే, "ఎవరి టీ డబ్బులు వాళ్లవే" అన్నారు. మామయ్యకు అది కొత్త. జీవితంలో ఆయన పక్కన కూర్చుని ఎవరి టీ డబ్బులు వాళ్లు ఇచ్చుకున్నది అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఆరోగ్య కేంద్రంలో నాలుగు బెంచీల మీదా రోగులు ఉన్నారు. ఒకావిడ పసివాణ్ణి ఒడిలో వేసుకుని ఊపుతోంది. ఆయమ్మ "లేవండి లేవండి" అనబోతే ఆయన ఆపారు. తనే మోకాళ్ల మీద కూర్చుని, మనుషుల కాళ్ల మధ్య నుంచి నంబర్లు చదువుకున్నారు. బయటికొచ్చాక నాతో, "ఇవి తియ్యొద్దు. ఇక్కడికి బదిలీ చేసినట్టు రెండు ఆఫీసుల మధ్యా కాగితం నడపండి. ఎలా రాయాలో నేను చెప్తాను" అన్నారు. కాగితం లేకుండా ఇవ్వడానికీ, కాగితం రాసి ఇవ్వడానికీ తేడా ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. కాగితం రాస్తే, ఎవరివి తీసి ఎవరికిస్తున్నామో రాయాలి. రాయాల్సొస్తే ఆలోచిస్తాం.

పోస్టాఫీసులోవీ, అక్కడొకటి ఇక్కడొకటి ఇచ్చినవీ కలిపి సాయంత్రానికి ఇరవై రెండు దొరికాయి. ఇంకా నాలుగు కావాలి. మామయ్య ఎంత తల గోక్కున్నా గుర్తు రాలేదు. "పోయిన వేసవిలో వార్నిష్ ఆరగానే ఏదో పెళ్లికి పట్టుకెళ్లారు, ఎవరో మరి" అన్నాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి అప్పటిదాకా ఉన్న హుషారు ఆయనలో తగ్గింది. చదువుకునే గదిలో బెంచీలు చూస్తున్నప్పుడు ఆడిటర్ గారు ఆయన్ని ఒకే మాట అడిగారు: "ఇచ్చేటప్పుడు కింది తరగతుల వైపు ఎప్పుడైనా వెళ్లారా అండీ?" దారి పొడుగునా మామయ్య అదే ఆలోచిస్తున్నట్టున్నాడు.

మా గదిలోకి వెళ్లి బట్టలు మార్చుకుని, అలవాటుగా కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. రెండేళ్లు ఆ బెంచీ మీదే కూర్చుని, వెడల్పాటి కిటికీ గట్టు మీద పుస్తకం పెట్టుకుని పరీక్షకు చదివాను. ఏటా వేసవిలో మామయ్య దాన్ని బయటికి తీసుకెళ్లి వార్నిష్ వేయించి తెచ్చేవాడు. అయినా అది ఎక్కడిదని ఎన్నడూ అడగలేదు. ఇంట్లో మంచం ఎక్కడిదో, బిందె ఎక్కడిదో ఎవరడుగుతారు? ఆ సాయంత్రం మాత్రం, రోజంతా బెంచీల కిందికి తొంగి చూసిన కళ్లు గదా, లేచి దాన్ని వంచి చూశాను. నూట పదిహేడు.

తల తిప్పితే గుమ్మంలో మామయ్య ఉన్నాడు.

"నేల మీద పుస్తకం పెట్టుకుని వంగి వంగి రాసేదానివే" అన్నాడు. "మీ అమ్మ ఒకరోజు, పిల్లకి ఈ వయసులోనే గూని వచ్చేట్టుంది అంది. చూడలేక తెచ్చాను."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెప్పేదేముంది? మిగతావి ఇచ్చాను, ఎవరడిగినా చెప్తాను. ఇది మాత్రం తెచ్చుకున్నాను. ఇవ్వడం వేరు, తెచ్చుకోవడం వేరు కదే." గుమ్మం దాటి లోపలికొచ్చి, "ఇది ఒక్కటీ వదిలెయ్యవే. పెళ్లికిచ్చిన వాటిలో కలిసిపోతుంది. ఆయనేమైనా మన ఇల్లు వెతుకుతాడా?" అన్నాడు.

నిజమే. ఎవరూ వెతకరు. ఆయన గొంతులో అంత బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. ఇన్నేళ్లు ఊరందరికీ ఇచ్చిన మనిషి నన్ను అడిగింది ఇదొక్కటే. సరే అనబోయాను కూడా. కానీ ఆడిటర్ గారి పుస్తకంలోకి తొంగి చూసిన ఆ పిల్ల కళ్ల ముందు కదిలింది. 'నావి ఇంకా వంకర' అంది, అదేదో గొప్పలా. నేనొక్కదాన్నే కూర్చుని ఉద్యోగం తెచ్చుకున్న ఈ బెంచీ మీద నలుగురు కూర్చోవాలి.

"మామయ్యా, నేనొక్కదాన్ని గూనిదాన్ని కాకుండా ఉండడానికి నలుగుర్ని వంచాం" అన్నాను.

ఆయన అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు. అన్నం తినలేదు. అత్తయ్య మాత్రం వదల్లేదు. "అన్నం పెట్టిన చేతికి సున్నం పెడతావటే? రేపు ఊళ్లో ఆయన తలెత్తుకు తిరగాలా వద్దా?" అని ఏడ్చింది. అమ్మ మడత పెట్టిన బట్టలే మళ్లీ మళ్లీ మడత పెడుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే బండి మాట్లాడి నూట పదిహేడు నంబరు బెంచీని బడికి తీసుకెళ్లాను. ఆడిటర్ గారి బల్ల ముందు దింపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన విని, లేచి, వంగి నంబరు చూసుకున్నారు. రిజిస్టరులో టిక్కు పెట్టారు.

"ఇది చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నారు.

"తెలుసు సార్."

"మీ మామయ్య గారికి తెలుసా, మీరు చెప్తున్నట్టు?"

"తెలుసు. ఆయనే కదా సార్ నాకు లెక్కలు నేర్పింది."

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత ఏ దయాదాక్షిణ్యం లేకుండా ఉన్నదంతా రాశారు. ఆ నివేదిక నకలు ఇప్పటికీ నాకు దాదాపు కంఠతా వచ్చు. ఇరవై ఆరు బెంచీలు బడి బయట ఉన్నాయి. ఇరవై మూడు దొరికాయి, వాటిలో పందొమ్మిది తిరిగి వచ్చాయి, నాలుగు ఆరోగ్య కేంద్రానికి బదిలీ. దొరకని మూడింటి ఖరీదు మాజీ గుమాస్తా నుంచి వసూలు చేయాలి. మరమ్మతు సొమ్ములో తేడా లేదు. పని జరిగింది, దొరికినవాటి మీద కళ్లతో చూడడమైనది. ఇప్పటి గుమాస్తా లెక్క చూడకుండా ఛార్జి తీసుకున్నందుకు మందలించాలి, ఆ సంగతి సర్వీసు రిజిస్టరులో నమోదు చేయాలి. చివర ఇంకో వాక్యం: బెంచీలు తిరిగి వచ్చాక కూడా ఇరవై మంది పిల్లలు నేల మీదే ఉంటారు గనుక అయిదు కొత్త బెంచీలు వెంటనే మంజూరు చేయాలి.

వెళ్లేరోజు గేటు దగ్గర నాతో, "మందలింపు రాశానని కోపమా?" అన్నారు.

"లేదు సార్."

"ఉండాలే కొంచెం. ఉంటే మళ్లీ ఎప్పుడూ చూడకుండా సంతకం పెట్టరు." క్యారేజీ ఊపుకుంటూ వెళ్లిపోయారు. తర్వాత ఎప్పుడూ మా బడికి రాలేదు. వేరే వైపు బదిలీ అయిందన్నారు. ఆయన ఎక్కడున్నారో చాలా ఏళ్లు అడుగుతూ ఉండేదాన్ని, వచ్చిన ప్రతి కొత్త ఆడిటర్‌నీ. కొందరికి తెలిసేది, కొందరికి తెలిసేది కాదు.

బెంచీలు తిరిగొచ్చిన రోజు మాత్రం బడిలో సందడి చెప్పలేను. వడ్రంగి బండి మీద పేర్చుకొచ్చాడు. కింది తరగతుల పిల్లలు కాసేపు వాటి మీద కూర్చోలేదు, నిలబడి గెంతారు. ఆయమ్మ కర్ర పట్టుకుని తరిమితే గానీ దిగలేదు. ఇరవై మందికి ఇంకా చోటు లేదు. టీచరమ్మ వారానికొకసారి వంతులు మార్చింది.

మామయ్య నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గుమ్మంలోంచి వెళుతూ. "దానికి చెప్పు" అని అత్తయ్యతో అనేవాడు, నేను పక్కనే ఉండగా. అత్తయ్య, "విన్నావుగా" అనేది. అంతే మా మాటలు. ఊళ్లో ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు. బెంచీ పోయిన సెలూనాయన కూడా మూడు స్టూళ్లు కొనుక్కుని, ఎప్పట్లాగే ఆయనకు దండం పెట్టేవాడు. అయినా మామయ్య బయటికి వెళ్లడం తగ్గించాడు. ఆ నాలుగు నెలలూ నేను పడ్డ బాధ ఎవరికీ చెప్పుకోలేదు. రాత్రి పడుకునే ముందు, చేసింది ఒప్పే అని పదిసార్లు అనుకునేదాన్ని. పదకొండోసారి అనుమానం వచ్చేది.

మూడు బెంచీల ఖరీదు ఆయన పింఛనులోంచి వాయిదాల మీద కట్టాలి. మొదటి మూడు వాయిదాలు ఎవరిచేతనో పంపాడు. నాలుగోది, ఆఖరిది, తనే తెచ్చాడు. కిటికీ ఇవతల నేను, అవతల ఆయన. ఇరవై ఆరేళ్లు ఆయన కూర్చున్న వైపు నేను కూర్చున్నాను.

డబ్బు గట్టు మీద పెట్టాడు. లెక్కపెట్టకుండానే రశీదు పుస్తకం తీయబోయాను.

"లెక్కపెట్టు" అన్నాడు.

నాలుగు నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పాను. ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. మూడోసారి సరిగ్గా వచ్చింది.

"ఇప్పుడు రాయి. కట్టినవారి పేరు రాసేటప్పుడు గుండ్రంగా రాయి, నీ అక్షరాలు ఈమధ్య వంకరపోతున్నాయని మీ అత్త అంటోంది" అన్నాడు.

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఆయన రశీదు అటూ ఇటూ తిప్పి చూసి, తేదీ వేయడం మర్చిపోయానని తిరిగిచ్చాడు. తేదీ వేశాక జేబులో పెట్టుకుని, అలాగే కింది తరగతుల వైపు నడిచాడు. గది బయట చాలాసేపు నిలబడి చూశాడని ఆయమ్మ చెప్పింది.

ఆ డబ్బుతో మూడు కొత్త బెంచీలు చేయించాం. మిగతా రెండూ మంజూరై రావడానికి ఏడాదిన్నర పట్టింది. సర్కారు పని గదా.

ఆ తర్వాతి వేసవి నుంచి ప్రతి ఏడూ సెలవుల్లో స్టాకు లెక్కపెట్టడానికి మామయ్య నాతో వచ్చేవాడు. నేను పిలవలేదు, తనే వచ్చాడు. పిల్లల్లేని బడి ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. గదుల్లో మాట ప్రతిధ్వనిస్తుంది. నల్లబల్ల మీద ఆఖరిరోజు ఎవరో చెరపకుండా వదిలేసిన కూడిక అలాగే ఉంటుంది. కిటికీలోంచి పడ్డ ఎండలో సుద్దపొడి తేలుతూ కనిపిస్తుంది. మామయ్య వంగి నంబరు చదివేవాడు, నేను టిక్కు పెట్టేదాన్ని. "యాభై తొమ్మిది. దీని కాలు ఊగుతోంది, రాసుకో." "అరవై. దీని మీద ఎవడో 'నేను పాసవుతాను' అని చెక్కాడు, ఇది రాసుకోకు." మధ్యలో ఆయమ్మ మంచినీళ్లు తెచ్చేది. ముగ్గురం గుమ్మంలో కూర్చుని తాగేవాళ్లం. నా జీవితంలో అంత ప్రశాంతంగా గడిచిన మధ్యాహ్నాలు ఇంకెక్కడా లేవు. పదకొండు వేసవులు అలా గడిచాయి.

ఆఖరి వేసవికి ఆయన మోకాళ్లు పూర్తిగా చెడ్డాయి. ఇంట్లో ఉండమంటే వినలేదు. రెండు గదులయ్యాక ఆయాసపడుతుంటే, "కాసేపు కూర్చో మామయ్యా" అన్నాను. ఒకటో తరగతి గదిలో ఒక పొట్టి బెంచీ మీద కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా లేచాయి. అటూ ఇటూ సర్దుకుని, వెనక్కి ఆనుకుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"సుఖంగానే ఉందే" అన్నాడు. "అందరూ ఊరికే అడగలేదు."

"మామయ్యా!"

"ఎవరికీ ఇవ్వనులేవే. ఊరికే చెప్తున్నా."

"లేగు మరి. ఇంకా నాలుగు గదులున్నాయి."

చెయ్యి చాచాడు. పట్టుకుని లేపాను.